దళారులు ఎవరు?

ఆస్ట్రేలియా ఎడారి ఊళ్లలోని ఆదివాసీ కళాకేంద్రాల మీద ఒక వాదన తరచూ వినిపిస్తుంది. అవి ప్రభుత్వ గ్రాంట్లతో బతికే ధర్మసత్రాలట, గీసేవాడికీ కొనేవాడికీ మధ్య దళారులట. వాటిని ఎత్తేస్తే మంచి బొమ్మకు మంచి ధర దానంతటదే వస్తుందట.

ధర రావడం నిజమే. ఎవరికి వచ్చిందన్నదే ప్రశ్న. ఆదివాసీ చిత్రకారుడు క్లిఫర్డ్ పాసమ్ జపాల్జారి 1977లో గీసిన 'వార్లుగులాంగ్'ను ఒక బ్యాంకు 1,200 డాలర్లకు కొని తన క్యాంటీన్‌లో తగిలించింది. 1996 వేలంలో అది 36,000 పలికింది. 2007లో నేషనల్ గ్యాలరీ 24 లక్షల డాలర్లు పోసి కొంది. అప్పటికి పాసమ్ పోయి ఐదేళ్లు. మళ్లీ అమ్మినప్పుడు కళాకారుడికి 5 శాతం ఇవ్వాలన్న చట్టం 2010లో గాని అమల్లోకి రాలేదు. అదీ అంతకుముందు కొన్న బొమ్మల తొలి మారుబేరానికి వర్తించదు.

కేంద్రం లేనిచోట దళారీ పోడు, మరింత నిర్భయంగా వస్తాడు. ముసలివాళ్లను గదుల్లో కూర్చోబెట్టి, పాత కారో కాస్త డబ్బో చేతిలో పెట్టి బొమ్మలు గీయించుకున్న వ్యాపారుల సంగతి 2007 నాటి సెనేట్ నివేదిక దాకా వెళ్లింది.

ఇక ధర్మసత్రం మాట. గ్రాంట్లు నగరాల్లోని పెద్ద గ్యాలరీలూ తీసుకుంటాయి. వాటినెవరూ ఆ మాట అనరు. 1972లో మొదలైన పాపున్యా తూలా అనే కళాసంస్థకు యజమానులు ఆదివాసీ చిత్రకారులే. ఆ చిత్రకారులుండే ఎడారి ఊళ్లలో ఒకటి కింటోర్. కిడ్నీలు పాడైన అక్కడివాళ్లు డయాలసిస్ కోసం సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని ఆలిస్ స్ప్రింగ్స్‌కు వెళ్లి, ఇల్లూ వాకిలీ వదిలి అక్కడే ఉండిపోవాల్సి వచ్చేది. కింటోర్, కివిర్కురా ఊళ్ల ఆడవాళ్లు విడిగా, మగవాళ్లు విడిగా పెద్ద ఉమ్మడి కాన్వాసులు గీశారు. 2000లో సిడ్నీలో జరిగిన వేలంలో పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బుతో మొదలైన సంస్థ 2004లో కింటోర్‌లోనే డయాలసిస్ ప్రారంభించింది. ప్రభుత్వం చేయాల్సిన పని అది. ఇక్కడ ఎవరు ఎవరికి ధర్మం చేసినట్టు?

కేంద్రంలో జరిగే పని చూస్తే పెద్ద ఆర్భాటమేమీ ఉండదు. కాన్వాసుకు పూత వేసి ఇస్తారు. పెద్దమ్మలు నేలమీద పరుచుకుని చుక్కలు పెడుతుంటారు. బొమ్మ పూర్తయ్యాక ఫోటో తీసి, నంబరు వేసి, అది ఏ తావు కథో రాసుకుంటారు. ఎవరి కథ వాళ్లే గీయాలి. పక్కవాళ్లది ముట్టుకుంటే ఊళ్లో తగాదాలే. బొమ్మతోపాటు వెళ్లే ధ్రువపత్రానికి ఆధారం ఈ చిట్టాయే.

ఈ చిట్టా లేని సరుకు సంగతి 2022లో ఆస్ట్రేలియా ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ చెప్పింది: ఆదివాసీ శైలి సావనీర్లకు జనం పెట్టే ఖర్చులో సగానికి పైగా నకిలీలకే పోతోంది. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల నుంచి చుక్కల బూమరాంగులు తెచ్చే మనవాళ్లు కొనేముందు ఎవరు గీశారో, ఏ కేంద్రం నుంచి వచ్చిందో అడగండి. దుకాణదారు నీళ్లు నమిలితే అక్కడే వదిలేసి రండి.