నీళ్లు తేటగానే ఉన్నాయి... మరి చేపలకేమైంది?

శనివారం సాయంత్రం అక్వేరియం ఇంటికొచ్చింది. రంగురాళ్లు పరిచారు, నీళ్లు నింపారు, లైటు వేశారు. షాపతను సంచుల్లో కట్టిచ్చిన ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లనూ ఆ రాత్రే వదిలేశారు. పిల్లలు అన్నం కూడా దాని ముందే కూర్చుని తిన్నారు. బుధవారం పొద్దున చూస్తే ఒకటి అడుగున పడి ఉంది. గురువారం మరో రెండు. 'నీళ్లు పాడై ఉంటాయి' అని నాన్న తొట్టె మొత్తం ఖాళీచేసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా కడిగి, కొత్తనీళ్లు పోశాడు. ఆదివారానికి మిగిలింది ఒక్కటే!

కొత్తగా అక్వేరియం పెట్టిన చాలా ఇళ్లలో మొదటి నెల ఇలాగే గడుస్తుంది. షాపతను మోసం చేశాడనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. నిజానికి ఆ నీళ్లు మరీ కొత్తవి కావడమే చిక్కు.

చేపలు మొప్పల ద్వారా అమోనియాను వదులుతాయి. తినకుండా మిగిలిన మేత కుళ్లినా వచ్చేది అదే. చెరువులో అయితే సరే, యాభై లీటర్ల గాజుతొట్టెలో అది ఎక్కడికి పోతుంది? నీళ్లు అద్దంలా మెరుస్తున్నా విషం పేరుకుపోతుంటుంది. భీమవరం వైపు రొయ్యల రైతులు చెరువు నీటిని సీసాలో పట్టుకుని ల్యాబుకు తీసుకెళ్లేది ఇలాంటివి కంటికి కనిపించవనే.

ఈ విషానికి విరుగుడు బ్యాక్టీరియానే. ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. దాంతో చేపలకు అంత ప్రమాదం లేదు. ఈ రెండూ ఫిల్టర్ స్పాంజి మీదా రాళ్ల మీదా కాపురం పెట్టి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్పాంజిని కుళాయి కింద కడిగితే ఆ నీళ్లలోని క్లోరిన్‌కి అవి చచ్చిపోతాయి. పాపం, ఆ నాన్న శుభ్రం చేస్తున్నాననుకుని ఉన్న కాస్త రక్షణనీ కడిగేశాడు!

అందుకే ముందు తొట్టె, తర్వాతే చేపలు. ఫిల్టర్ ఆన్‌చేసి రోజూ చిటికెడు మేత వేస్తుంటే బ్యాక్టీరియాకి ఆహారం దొరుకుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత అక్వేరియం ఉంటే, దాని స్పాంజి ముక్క తెచ్చి వేస్తే పని త్వరగా అవుతుంది. పాలకు తోడుపెట్టినట్టే. ఆ తర్వాత గప్పీలో, మోలీలో, జీబ్రా డానియోలో రెండుమూడు. మిగతావి రెండేసి వారాల ఎడంతో. గోల్డ్‌ఫిష్‌కి తిండీ ఎక్కువే, వదిలే వ్యర్థమూ ఎక్కువే. గుండ్రటి గాజుగిన్నెలో ఒంటరి గోల్డ్‌ఫిష్ సినిమాల్లో బాగుంటుంది కానీ, దాని ప్రాణానికి అది శిక్షే.

తెచ్చిన సంచిని అలాగే ఇరవై నిమిషాలు తొట్టెలో తేలనిచ్చి, కాస్తకాస్త తొట్టె నీళ్లు అందులో కలిపాకే చేపని వదలాలి. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. పిల్లలు ముచ్చటపడి ఒకసారి, తాతయ్య మర్చిపోయి ఇంకోసారి వేస్తే వచ్చేది అజీర్తి కాదు, అమోనియా! వారానికోసారి నాలుగోవంతు నీళ్లే మార్చాలి. కుళాయి నీళ్లయితే బకెట్‌లో పట్టి ఒకరోజు ఉంచాలి. లేదా షాపుల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయాలి. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుని రొప్పుతున్నాయంటే ఆలస్యం చేయకూడదు. మేత ఆపేసి, మూడోవంతు నీళ్లు మార్చి, గాలి పంపు పెంచాలి. కరెంటు పోయి పంపు ఆగినా ఇలాగే రొప్పుతాయి. ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి చుక్కలు కనిపిస్తే అది తెల్లమచ్చల జబ్బు. ఒంటిని అంటుకుని ఉన్న పరాన్నజీవి మీద మందు పనిచేయదు. అది రాలి నీళ్లలో ఈదేటప్పుడే చస్తుంది. చుక్కలు పోయాయి కదా అని మందు మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది.

మిగిలిన ఆ ఒక్క చేపకీ జత తెమ్మని పిల్లలు మర్నాడే పేచీ పెడతారు. అమోనియా, నైట్రైట్‌లను చూసే టెస్ట్ కిట్లు షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. రెండూ సున్నా చూపించేదాకా షాపువైపు వెళ్లకపోవడమే మేలు.