ఎంత లాగుతుంది కాదు, ఎంత మోస్తుంది?

వేసవిలో ఎల్లోస్టోన్‌కి పెద్ద ట్రెయిలర్‌తో వెళ్దామనుకునే మనవాళ్ళు ముందు అడిగేది, ఈ బండి ఎంత లాగుతుందని. ఎంత మోస్తుందని అడగమంటాం మేము. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో రాసి ఉంటుంది. ట్రెయిలర్ తన బరువులో 10 నుంచి 15 శాతం బండి మీదే మోపుతుంది. 7,000 పౌండ్ల ట్రెయిలరైతే సుమారు 900. స్టిక్కర్ 1,500 అంటే మిగిలేది 600. అమ్మమ్మ, తాతయ్యలతో ఆరుగురం ఎక్కితేనే అది దాటిపోతుంది. బియ్యం మూట, కుక్కర్, ఆవకాయ సీసా ఇంకా ఎక్కనే లేదు! ఇంజన్ ఎంత బలమైనదైనా ఈ లెక్క మారదు. పెద్ద పికప్ కొనే స్తోమత లేకపోతే చిన్న ట్రెయిలర్ తీసుకుందాం. పెద్దవాళ్ళని ఇంట్లో వదిలి పెద్ద ట్రెయిలర్ లాక్కెళ్ళడం మాకు నచ్చదు. పిల్లలూ, ఇవాళే మీ కారు తలుపు తెరిచి ఆ అంకె నాన్నగారికి చదివి వినిపించండి.