లోకవార్త: అందరి సొత్తును అమ్మదగునా?



ఉమ్మడి యిల్లు అమ్మకమునకు వచ్చినపుడు ఆ యింటి యాడువారి మనస్సెట్లుండునో మనలో ననేకులకు దెలియును. పైకప్పు కారుచుండును; మరమ్మతునకు సొమ్ముండదు; అప్పులవారు వాకిట నిలిచియుందురు. అంతలో నొక ధనవంతుడు వచ్చి, ఇల్లు కొని చక్కగా నిలబెట్టెదనని మాట యిచ్చును. "గోడలైనను నిలుచును గదా, అమ్మివేయుడు" అని యొకరందురు. "తాతలనాటి యిల్లు పరులపాలైన పిమ్మట గోడలు నిలిచి యేమి లాభము?" అని మఱియొకరందురు. ఇరువురి మాటలకును మూలము ప్రేమయే. కావుననే ఆ తగవు తీర్చుట కష్టము.

ఈ నెల నేను ముచ్చటింపబోవు విషయము ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరమందు జరిగినది. అచట అమ్మకమునకు వచ్చినది యిల్లు కాదు, సౌత్ సిడ్నీ యను నొక రగ్బీ లీగు క్లబ్బు. మగవారి యాటతో మనకేమి పనియని పుట త్రిప్పివేయకుడని వేడుచున్నాను. ఈ కథ మొదలు పెట్టినది కూలివాని యింటి పొయ్యియే.

రగ్బీ యనునది కోడిగ్రుడ్డు వలె కోలగా నుండు బంతితో నాడెడి మోటు ఆట. 19వ శతాబ్దమున ఇంగ్లాండు ఉత్తరభాగమున గనులలోను, మిల్లులలోను పనిచేయువారు దీనిని మిక్కిలి మక్కువతో నాడుచుండిరి. శనివారమునాడు ఆటకు బోయినచో ఆ దినపు కూలి పోవును. పోయిన కూలినైనను క్లబ్బు చెల్లింపవలెనని వారు కోరిరి. కూలితో పనిలేని సంపన్నులు, సొమ్ము పుచ్చుకొనిన ఆట మైలపడునని నిరాకరించిరి. ఇంట బియ్యము నిండుకొన్నదో లేదో యెఱుగనివారికి శుద్ధి గూర్చి పలుకుట సులభము గదా! తుదకు 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డ్ పట్టణమున ఇరువదికి పైగా క్లబ్బులు వేరుపడి తమ సంఘమును తాము స్థాపించుకొనినవి. పక్షమునకు పదుమూడుగురు ఆడెడి నేటి రగ్బీ లీగు ఆ చీలికనుండి పుట్టినదే.

ఆ యాట సిడ్నీ చేరినపుడు, 1908 జనవరిలో రెడ్‌ఫర్న్ పురమందిరమున సౌత్ సిడ్నీ క్లబ్బు వెలసినది. రెడ్‌ఫర్న్ అప్పట్లో శ్రామికుల పేట. ఆ దేశపు ఆదివాసులకును ముఖ్యమైన నివాసము. ఈ క్లబ్బువారిని కుందేళ్లను అర్థమిచ్చు పేరుతో పిలుతురు. కూలి చాలని ఆటగాండ్రు ఆదివారము ఉదయమున వీథులలో కేకలువేయుచు కుందేటి మాంసమమ్ముకొనెడివారనియు, ఆ కేకయే పేరుగా నిలిచిపోయినదనియు నొక వాడుక కలదు. ఎఱుపును పచ్చయు వారి రంగులు. మొదటి యేడే, అనగా 1908లోనే వారు విజేతలైరి. 1971 నాటికి ఇరువది మారులు గెలిచిరి. అంతటి ఖ్యాతి ఆ నగరమున మఱియే క్లబ్బునకును లేకుండెను.

తరువాత చెడుదినములు వచ్చినవి. 1990ల నడుమ టెలివిజన్ ప్రసారపు హక్కులకొఱకు పెద్ద సంస్థల నడుమ పోరు పుట్టి, 1997లో ఆట రెండు పోటీలుగా చీలినది. మరుసటియేడు రాజీకుదిరి ఒక్కటైనపుడు ఇరువది జట్లున్నవి. వానిని 2000 నాటికి పదునాలుగునకు తగ్గింపవలెనని నిర్ణయించిరి. కొన్ని క్లబ్బులు ఒకదానితో నొకటి కలిసి బ్రతికినవి. సౌత్ సిడ్నీ యెవరితోను కలియక నిలిచి, 1999 అక్టోబరులో పోటీనుండి వెలివేయబడినది.

అప్పుడు ఆ పేటజనము చేసినపని చరిత్రకెక్కినది. తాతలు, తల్లులు, చంకబిడ్డలతో సహా వీథులలోనికి వచ్చిరి. 2000 నవంబరులో జరిగిన ఊరేగింపున ఎనుబదివేలమంది నడచిరని నాటి అంచనా. వ్యాజ్యమునకు డబ్బు చందాలు ప్రోగుచేసిరి. క్రింది న్యాయస్థానమున ఓడిరి; 2001 జూలైలో అప్పీలున గెలిచిరి; 2002లో మరల మైదానమున కాలుపెట్టిరి. 2003లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసినను, అప్పటికే లోనికి వచ్చిన క్లబ్బును మరల వెలివేయలేదు. ఈ పోరాటమునకు పెద్దదిక్కుగా నిలిచినవాడు జార్జ్ పిగిన్స్. అతడు పూర్వము ఆ క్లబ్బు ఆటగాడే.

ఇంతవరకు కథ వినుటకు హాయిగా నున్నది. వెలి తీరి యింటికి వచ్చిన పిమ్మట ఇల్లు గడచుట యెట్లన్న ప్రశ్న మిగిలినది. 2003లోను, 2004లోను జట్టు పట్టికయందు చిట్టచివర నిలిచినది. ధనము చాలకుండెను, మేటి ఆటగాండ్రు రాకుండిరి. అట్టియెడ 2005 చివరను, 2006 మొదటను రస్సెల్ క్రో యను సుప్రసిద్ధ సినిమా నటుడును, పీటర్ హోమ్స్ అ కోర్ట్ అను వ్యాపారియు ముందుకువచ్చి, ముప్పది లక్షల డాలర్లకు నూటికి 75 వంతుల వాటా తమకిమ్మనియు, తక్కిన 25 వంతులు సభ్యులయొద్దనే యుండుననియు ప్రతిపాదించిరి. క్రో అన్యుడు కాడు, చిన్ననాటినుండి ఆ క్లబ్బు అభిమాని. 1999లో వ్యాజ్యపు ఖర్చులకై జరిగిన వేలములో, 1908నాటి ప్రథమపోటీకి మ్రోగించిన యిత్తడి గంటను 42,000 డాలర్లకు కొనియుండెను.

ఇచ్చట అభిమానులు రెండుగా చీలిరి. మొన్న భుజముభుజము కలిపి వీథులలో నడచినవారే నేడు ఎదురెదురుగా నిలిచిరి. ఉభయుల వాదమును మనము నిదానముగా వినవలెను.

అమ్మవలెననువా రేమనిరనగా: అభిమానముతో ఊరేగింపు జరుగును గాని జీతములు జరుగవు. ఆటను నడుపు సంస్థ మనలను ఒకమారు వెలివేసినది. అప్పులలో మునిగి అడుగున పడియున్నచో మరల వెలివేయుట కెంతసేపు? పరుడు కొనుటకంటె మనవాడు కొనుట మేలు. మన బిడ్డలు ఏడేడు ఓటమి చూచుచు పెరిగినచో వేఱుజట్టు రంగులు తొడుగుకొందురు. అప్పుడు పాతవైభవము ముసలివారి మాటలలో మాత్రమే మిగులును.

వలదనువారికి పిగిన్స్ అగ్రగామి. వారి వాదమిది: ఈ క్లబ్బు బీదలది. ఎనుబదివేలమంది నడచినది ఇద్దరు ధనికులకు సొంతమగుటకు కాదు. నూరేండ్ల పేరునకు ముప్పదిలక్షలు వెలయా? నేడు కొనువాడు మంచివాడే కావచ్చును. రేపు వాని మనసు మారినను, వాని వాటా మఱియొకని చేతబడినను అడుగువారెవరు? ఒకమారు అమ్మినది తిరిగి కొనజాలము.

చట్టప్రకారము విక్రయమునకు ఓటువేసినవారిలో నూటికి 75గురి సమ్మతి కావలెను. 2006 మార్చి 19వ తేదీన ఓట్లు లెక్కించిరి. అనుకూలముగా వచ్చినవి నూటికి 75.8. సోదరీమణులారా, ఈ లెక్కను కొంచెము నిలిచి చూడుడు. వేయిమందిలో 758 మంది ఔననిరి. ఆ వేయిమందిలో తొమ్మండుగురు మనసు మార్చుకొనియుండినచో అమ్మకము ఆగిపోయెడిది! ఒక్క ఓటుతో నేమగునని యింట కూర్చుండెడివారికి ఇంతకంటె వేఱు పాఠమేల?

పిమ్మట జరిగినదేమి? మొదటి యేడు ఫలమేమియు కానరాలేదు. 2006లో జట్టు మరల అట్టడుగుననే నిలిచినది. వలదన్నవారు "చూచితిరా?" అనుట కవకాశము దొరకినది. కాని 2007లో, 1989 తరువాత మొదటిసారిగా, తుదిదశ పోటీలకు అర్హత సంపాదించినది. 2014 అక్టోబరు 5వ తేదీన కాంటర్‌బరీ జట్టును 30–6 తేడాతో నోడించి, 43 యేండ్ల పిమ్మట, ఇరువదియొకటవ మారు విజేతయైనది.

కొత్త యజమానులు చేసిన ప్రతిపాదనలలో మనబోంట్లకు ముఖ్యమైన దొకటి కలదు. సిడ్నీలో ననేక ఆటక్లబ్బులకు జూదపుయంత్రములే ధనాధారము. నాణెములు వేసి మీటనొక్కెడి ఆ యంత్రములచేత ఎన్ని సంసారములు గుల్లయగునో వేఱుగ చెప్పనేల? వానిని తమ క్లబ్బునకు సంబంధించిన వినోదశాలనుండి తొలగింపవలెనని వీరు బహిరంగముగా వాదించిరి. అభిమాని యింటి కూలిడబ్బులు యంత్రమున రాలగొట్టి, ఆ రాలినదానితో అతని అభిమాన జట్టును పోషించుట యెట్టి ధర్మమో యోచింపదగినదే.

అయినను వలదన్నవారి భయము వట్టిది కాలేదు. హోమ్స్ అ కోర్ట్ వాటా కొంతకాలమునకు జేమ్స్ ప్యాకర్ అను మహాధనికుని చేతికి వచ్చినది. 2020 చివర మైక్ కానన్‌బ్రూక్స్ అను మఱియొక ధనికుడు భాగస్థుడైనాడు. వీరివలన కీడు కలిగినదని నేననను. పెద్దవాటా ధనికుల నడుమ చేతులు మారునని వారు ముందుగా చెప్పినమాట జరిగినదని మాత్రమే నా భావము. సభ్యుల 25 వంతులు మాత్రము చెక్కుచెదరక సభ్యులయొద్దనే నిలిచినవి; క్లబ్బు పాలనమున వారి ప్రతినిధులకు చోటును కలదు.

అట్లయిన ఎవరిది ఒప్పు? 2014 విజయముచేత అమ్మినవారిది ఒప్పని తేల్చుట తొందరపాటు. కూతురు నగలు తొడుగుకొని పుట్టింటికి వచ్చినంతమాత్రమున సంబంధము మంచిదని తేల్చుదుమా? ఆ దినమున వలదన్నవారి యిండ్లలోను సంతోషాశ్రువులు రాలియుండును. వారు ద్వేషించినది అమ్మకమును గాని ఆటను కాదు గదా. నాకు దోచునది చెప్పుచున్నాను, సమ్మతమైన గ్రహింపుడు. 2006లో అమ్మక తప్పనిస్థితి వచ్చినది. ఆ స్థితిలో అమ్మినవారిని తప్పుపట్టలేను. కాని అంతయు అమ్మక నాలుగవ పాలు నిలుపుకొనుటయే వారు చేసిన తెలివైనపని. ఆ నాలుగవ పాలు సంపాదించి యిచ్చినది ఎవరు? "వలదు, వలదు" అని మొండిగా నిలిచినవారి భయమే. ఎదిరించువారు లేని యింట బేరము చౌకగా తెగును.

ఈ కథ మన కక్కఱకు రాదనుకొనకుడు. మన గ్రామములలో పొదుపు సంఘములు, పాల సహకార సంఘములు, మహిళామండలుల భవనములు నున్నవి. ఇవన్నియు అందరి సొత్తులే. అందరిది యనిన మాట వినుటకు తీయనిదే గాని, లెక్క చూచువారు లేనిచో అందరిది ఎవరిదియు గాకపోవును. ఊరేగింపునకు వేలమంది వత్తురు. నెలనెల చందా కట్టుటకు, పద్దుపుస్తకము విప్పి చదువుటకు, సభలో చేయియెత్తుటకు పదిమంది రారు. ఉద్రేకముతో కాపాడుకొనినదానిని ఓపికతో నిలుపుకొనవలెను. అట్లు నిలుపుకొనలేనినాడు కొనువాడు తప్పక వచ్చును; వానిలోని మంచిచెడ్డలు మన యదృష్టముపై నాధారపడును.

కావున సోదరీ, నీ సంఘపు సభ ఈ నెల ఏ దినముననో విచారింపుము. వంట కొంచెము ముందుగా ముగించుకొని పొమ్ము. లెక్కలు చదువునపుడు నిద్రపోకుము. తొమ్మండుగురిలో నీవొక్కతెవు కావచ్చును.