కారు తలుపు లోపలి సంగతి

ఎప్పుడూ వంటింట్లోనే కబుర్లు చెప్పుకుంటాం కదా, ఈ వారం కాస్త వాకిట్లోకి వద్దాం. మా వాకిట్లో మా మామయ్యగారి అంబాసిడర్ కారు ఉంది. బండి సంగతి మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. జాకెట్టు కుట్టడం వచ్చినవాళ్లకు ఈ పని సగం వచ్చినట్టే!

బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలైన ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. తలుపు లోపలి అట్ట, అదే డోర్ ప్యాడ్, పాడైతే ఇప్పుడు షోరూముకు పోయి తెచ్చుకునే వీలు లేదు. మనమే చేయించుకోవాలి, లేదా చేసుకోవాలి.

నాలుగేళ్ల కింద టింకరింగు, పెయింటింగు అన్నీ చేయించి కొత్త ప్యాడ్లు వేయించాం. పని చేసే అబ్బాయి తలుపుకు అంటించి ఉన్న పాత ప్లాస్టిక్ కాగితం పీకి పారేస్తుంటే, "అది మళ్లీ పెట్టవా తమ్ముడూ?" అని అడిగాను. "గది కనవడదు గద అక్కా, దాంతోని పనేంది?" అన్నాడు. బండి పని మగవాళ్లకే తెలుస్తుందిలే అనుకుని ఊరుకున్నాను. ఒక్క వానాకాలం గడిచిందో లేదో, ప్యాడ్లు కింది అంచున నానిన అప్పడాల్లా వంగిపోయాయి. రెక్సిన్ ఊడింది. మావారు విసిగిపోయి, "తూకానికి అమ్మేద్దాం" అన్నారు. మామయ్యగారు ఏమీ అనలేదు. సాయంత్రం పోయి బానెట్ మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డారు. అది చూశాక స్క్రూడ్రైవర్ నేనే పట్టుకున్నాను.

అసలు కిటుకు ఏమిటంటే, వాన నీళ్లు అద్దం వెంబడి తలుపు లోపలికి దిగడం మామూలే. అడుగున చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి బయటికి పోతాయి. లోపల చిమ్మే నీళ్లు అట్టకు తగలకుండా అడ్డుపడేది ఆ ప్లాస్టిక్ కాగితమే. చీరకు లోపలి లంగా లాంటిది. కనబడదు, కానీ అది లేకపోతే గడవదు.

ఇక పని ఎట్లా చేశానో చెప్తాను.

ముందు గ్లాసు హ్యాండిల్ ఏ వైపు తిరిగి ఉందో రాసి పెట్టుకోండి. మా బండిలో హ్యాండిల్ వెనక బిళ్లను లోపలికి నొక్కితే సన్నటి పిన్ను కనిపిస్తుంది. దాన్ని తోస్తే హ్యాండిల్ వచ్చేస్తుంది. స్క్రూలు, పిన్నులు ఒక్కో తలుపువి ఒక్కో డబ్బాలో వేసుకోండి. ప్యాడ్ అంచుల్లో క్లిప్పులుంటాయి. అట్లకాడకు గుడ్డ చుట్టి, సరిగ్గా క్లిప్పు పక్కనే పెట్టి మెల్లగా లేపండి. నడుమ పట్టి గుంజితే అట్ట చిరుగుతుంది.

పాత అట్టను పారేయకండి. అదే మన కొలత జాకెట్టు! వెనక "ముందు ఎడమ", "వెనక కుడి" అని చాక్‌పీసుతో రాయండి.

తలుపు అడుగు రంధ్రాల్లో మట్టి ఉంటే పుల్లతో తీసి, చెంబెడు నీళ్లు పోసి చూడండి. ధారగా బయటికి రావాలి. తుప్పు గీకి, ఆరాక రెడాక్సైడ్ పూయండి. తర్వాత మందపాటి ప్లాస్టిక్ కాగితం చుట్టూ అంటించండి. కింది అంచును మాత్రం తలుపు లోపలికే మడవాలి. అప్పుడే నీళ్లు లోపలికే జారిపోతాయి.

కొత్త హార్డ్‌బోర్డు మీద పాతది పెట్టి గీసుకోండి. ఉబ్బిన అంచును నమ్మవద్దు, అక్కడ న్యూస్‌పేపరు తలుపుకే పెట్టి కొలత తీయండి. రెక్సిన్ వేయకముందే ఉత్త బోర్డును ఒకసారి బిగించి చూడండి. క్లిప్పు రంధ్రాలు కుదిరాకే ముందు, వెనక, అంచులతో సహా వార్నిష్ పూయండి.

రెక్సిన్‌ను చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉంచి కత్తిరించి, కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. కింద జంపఖానా పరుచుకుంటే గీతలు పడవు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ జంపఖానా ఇక్కడా పనికొచ్చింది! గమ్ రెండింటికీ రాసి, వేలికి అంటనంత ఆరాక నడుమ నుంచి అంచులకు ఒత్తండి. వంపుల దగ్గర మడిచే భాగానికి జాకెట్టు మెడకు పెట్టినట్టే చిన్న చిన్న గాట్లు పెడితే ముడతలు రావు. గమ్ వాసన ఘాటు, నిప్పు కూడా తొందరగా అంటుకుంటుంది. కాబట్టి పొయ్యికి దూరంగా, గాలి తగిలే చోట చేయండి.

చివరికి క్లిప్పులన్నీ రంధ్రాలకు ఎదురుగా పెట్టుకుని, అరచేత్తో ఒక్కొక్కటీ నొక్కండి. సుత్తి జోలికి పోవద్దు.

మొన్నటి వానల్లో బండి రాత్రంతా బయటే తడిసింది. తెల్లారి లేవగానే పోయి ప్యాడ్ కింది అంచు తడిమాను. పొడిగా ఉంది! వెనకాల మామయ్యగారు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. "భద్రకాళి గుడికి పోదాం, నడు బిడ్డా" అన్నారు.

ఆ రోజు నా అనుమానాన్ని నోరు తెరిచి గట్టిగా చెప్పి ఉంటే రెండుసార్లు ఖర్చు తప్పేది. మీ ఇంట్లో ఏ పని జరుగుతున్నా, "ఇది ఎందుకు పీకేస్తున్నావు?" అని అడగడానికి మొహమాటపడకండి. జవాబు వచ్చేదాకా అడగండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.