తొమ్మిది కిలోమీటర్ల బాకీ

సావనీరుకి ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగారు. "నీ శ్రీశైలం సైకిలు యాత్ర గురించి రాయవోయ్, ఫోటో కూడా వేస్తాం" అన్నారు. రాస్తాను గాని ఫోటో వద్దన్నాను. అందులో నేను శిఖరం దగ్గర సైకిలు పట్టుకొని దిగ్విజయం చేసొచ్చిన రాజుగారిలా నిలబడి ఉంటాను. ఆ ఫోటో పూర్తిగా నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ఈ ఏడు కొత్తగా చేరిన మిత్రుల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఊరంతా గుండెలు చేత్తో పట్టుకొని బ్యారేజీ వంక చూస్తూ ఉంటే, ఇళ్ళల్లోకి వచ్చింది మాత్రం మైలవరం కొండల్లో పుట్టిన ఆ చిన్న ఏరు. మన కాలేజీ పిల్లలు కొందరి ఇళ్ళల్లో పుస్తకాలు, సర్టిఫికెట్లు, ఇస్త్రీ బట్టలతో సహా బురదలో కలిశాయి. వాళ్ళ కోసం నిధి పోగుచేయాలని యూనియన్ తీర్మానించింది. చందాల పుస్తకం పట్టుకొని తిరిగితే ఏమొస్తుంది, ఏదైనా కొత్తగా చేద్దామని ఎవరో అన్నారు. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. విజయవాడ నుంచి శ్రీశైలం దాకా ఒంటరిగా సైకిలు తొక్కుతాను, కిలోమీటరుకింత అని హామీ రాయించండి అన్నాను. లెక్చరర్లు, పాత విద్యార్థులు, హాస్టలు మిత్రులు, అందరి హామీలూ కలిపి కిలోమీటరుకు 140 రూపాయలు తేలాయి.

నేను డెల్టాలో పుట్టినవాణ్ణి. అవనిగడ్డ వైపు కాలవగట్ల మీద సైకిలు నేర్చుకున్నవాడికి గేర్లు దేనికో తెలియవు. మనకి ఎదురుగాలే కొండ. ఎత్తంటే కనకదుర్గ ఫ్లైఓవరు, మహా అయితే ఇంద్రకీలాద్రి. డిసెంబరులో బయలుదేరి మొదటి రోజు గుంటూరు, నరసరావుపేట మీదుగా వినుకొండ చేరినప్పుడు, ఇదేం పెద్ద పని అనుకున్నాను. కోటప్పకొండ దూరంగా కనిపిస్తే చెయ్యి కూడా ఊపాను. రెండో రోజు త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం దాటి దోర్నాల చేరేసరికి ఆ ధీమా సగం కరిగింది.

మూడో రోజు సంగతే చెప్పవలసింది.

దోర్నాల నుంచి శ్రీశైలం దాకా నల్లమల అడవి, పులుల అభయారణ్యం. రాత్రిళ్ళు చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేస్తారు, తెల్లవారితేగాని తియ్యరు. గేటు తీసేదాకా పక్కన టీ బంకు దగ్గర కూర్చున్నాను. బంకు పెద్దాయన నా చొక్కా మీద కట్టుకున్న బ్యానరు కూడబలుక్కుని చదివి, "నువ్వు సైకిలు తొక్కితే వాళ్ళ పుస్తకాలు ఎట్లొస్తయి నాయనా?" అన్నాడు. కిలోమీటరు లెక్క వివరించాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నువ్వు తొక్కకపోతే ఆ సార్లు ఇయ్యరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. టీ డబ్బులు మాత్రం ఆయన తీసుకోలేదు. ఆయన నన్ను ఏమీ తొక్కమనలేదని ఘాటు ఎక్కుతుంటే గుర్తొచ్చింది.

మొదటి గంట బాగానే సాగింది. మంచు, పక్షుల కూత, మలుపు మలుపుకీ కోతుల గుంపు. ఆ తర్వాత రోడ్డు లేచింది. డెల్టావాడికి తెలియని విషయం ఒకటుంది. కొండ మీద మలుపు తిరిగితే రోడ్డు అయిపోదు, ఇంకో మలుపు కనిపిస్తుంది. పదకొండు గంటలకల్లా కుడికాలి పిక్క పట్టేసింది. దిగి నడిచాను, మళ్ళీ ఎక్కాను, మళ్ళీ పట్టేసింది. చివరికి రోడ్డు పక్కన కాలు చాపుకొని కూలబడ్డాను. ఏడ్చానని రాయమంటే రాస్తాను.

అప్పుడు కూరగాయల బుట్టలతో ఒక బొలేరో వచ్చి ఆగింది. "ఈడ కూచోకూడదబ్బాయ్, పులులు తిరిగే తావు. ఎక్కు" అన్నాడు డ్రైవరు. సైకిలు వంకాయ బుట్టల మీద పడుకుంది. నేను ఆయన పక్కన కూర్చున్నాను. తుమ్మలబైలు దగ్గర దిగేసరికి కాలు సర్దుకుంది. ఎంత దూరం వచ్చామని అడిగితే, బండి మీటరు చూసి "తొమ్మిది" అన్నాడు.

మిగతాది తొక్కాను. సాయంత్రానికి శిఖరం చేరాను. అక్కడి నుంచి మల్లన్న గుడి శిఖరం చూస్తే పునర్జన్మ ఉండదంటారు. జన్మ సంగతి ఏమో గాని, తొమ్మిది కిలోమీటర్ల లెక్క మాత్రం నాతోనే కొండ దిగింది.

ఆ రాత్రి మన కోశాధికారికి ఫోను చేసి చెప్పాను. "ఎవరికి తెలుస్తుందిరా? డబ్బు పోయేది మంచి పనికేగా. మొత్తం 270 అని రాసేస్తున్నా" అన్నాడు. అతను చెడ్డవాడు కాడు. తొమ్మిది కిలోమీటర్లంటే 1,260 రూపాయలు. ఇద్దరు పిల్లల పుస్తకాలు. అతని బాధ అది. ఆ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదని ఇప్పటికీ ఒప్పుకుంటాను.

కాని ఆలోచించండి. నిధులు పోగుచేయడం ఈ గడ్డకి కొత్త కాదు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సంఘం సమావేశమై, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలని తీర్మానించింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని తుడిచిపెట్టి వేల ప్రాణాలు తీసుకుపోయినప్పుడు, రామారావు గారు, నాగేశ్వరరావు గారు జోలె పట్టి వీధుల్లో తిరిగారు. వాళ్ళ జోలెలో వేసినవాడు ఏ లెక్కా అడగలేదు. ఆ ముఖాలే హామీ. మనకి అటువంటి ముఖాలు లేవు. ఉన్నదల్లా చెప్పిన మాట. 1980లో టెర్రీ ఫాక్స్ అనే కెనడా కుర్రవాడు కాన్సరు పరిశోధన నిధి కోసం ఒంటికాలితో, ఇంకో కాలు కృత్రిమం, దేశం ఈ చివర నుంచి ఆ చివరికి పరుగు మొదలుపెట్టాడు. జబ్బు ఊపిరితిత్తులకి పాకేసరికి సెప్టెంబరు 1న మధ్యలోనే ఆగిపోయాడు. పూర్తి చేయలేకపోయానని లోకానికి చెప్పాడు. డబ్బు ఆగలేదు సరిగదా, ఇంకా వచ్చిపడింది. నన్ను ఆయనతో పోల్చుకుంటున్నానని అనుకోకండి. నాది పిక్కపట్టు.

టీ బంకు పెద్దాయన ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇది. నేను తొక్కకపోయినా ఇవ్వగలిగినవాళ్ళే మన సార్లు. నా చెమటకి పుస్తకాలు రావు. అయితే ఉత్త చేతుల్తో వచ్చి అడిగేవాడి కన్నా, కాస్త ఒళ్ళు వంచి అడిగేవాడి మాట మనిషి ఆగి వింటాడు. తొక్కడమంతా ఆ ఒక్క నిమిషం కోసమే. ఆ నిమిషంలో అబద్ధం చెబితే, రేపు నిజంగా తొక్కి వచ్చేవాడి మాట ఎవడూ వినడు. 1,260 రూపాయలు కాపాడబోయి పోగొట్టుకునేది అది.

నోటీసు బోర్డు మీద కాగితం నేనే అంటించాను. "270లో 9 కిలోమీటర్లు వ్యానులో వచ్చాను. హామీదారులు తగ్గించి ఇవ్వగలరు" అని. చాలామంది నవ్వి పూర్తిగా ఇచ్చారు. ఒక పాత విద్యార్థి, "ఇంత చాదస్తం ఎక్కడ దొరికింది నీకు?" అంటూ ఇచ్చాడు. మన లెక్కల మాస్టారు ఒక్కరే, కిలోమీటరుకి 5 చొప్పున 1,350 ఇవ్వవలసింది, 45 తగ్గించి 1,305 రూపాయలు లెక్కపెట్టి చేతిలో పెట్టారు. రసీదు కూడా అడిగారు. కుర్రాళ్ళు ఆయన్ని పిసినారి అన్నారు. నాకు మాత్రం, నా కాగితాన్ని కాగితంగా చదివినవారు ఆయనొక్కరే అనిపించింది. నేను నిజంగా తొక్కిన 261 కిలోమీటర్లనీ నమ్మినవారు ఆయనే.

వసూలైన మొత్తం 37,755 రూపాయలు. పుస్తకాలకి, డూప్లికేట్ సర్టిఫికెట్ల ఫీజులకి అంతా అయిపోయింది. బిల్లులు యూనియన్ గదిలో ఫైలులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. సైకిలు నా గదిలో ఉంది. వచ్చే ఏడు ఎవరైనా వెళ్ళదలిస్తే తీసుకెళ్ళండి, వెనక బ్రేకు మాత్రం మార్పించాలి.