మన చుట్టూ ప్రకృతి: ఉల్లంకి కాని ఉల్లంకి



మన టౌన్‌షిప్‌లో నీటి శుద్ధి కేంద్రం వెనుక ఒక పల్లపు నేల ఉన్నది. ఫిల్టర్లను కడిగినపుడు వెలువడే నీరు అక్కడికే చేరుతుంది. ఏడాది పొడవునా బురద, తుంగ, జమ్ము. మా విభాగపు నక్షాలో దాని మీద ‘వృథా భూమి’ అని వ్రాసి ఉంటుంది. ఆ రెండు మాటలూ చాలా ఏళ్ల క్రితం నేనే వ్రాసినవి. ఈ నెల ఆ నేలలో కాపురముండే ఒక పక్షిని గురించి మనవి చేయదలచాను.

2019 ఆగస్టులో అక్కడ తుంగ కోయించుచుండగా మేస్త్రీ నా వద్దకు వచ్చి, “సార్, ఒక పిట్ట లేవనంటున్నది. కొడవలి దగ్గరకు పోతే రెక్కలు విప్పి పాములా బుస కొడుతున్నది. పాపం తల్లి, గుడ్లు వదలలేకుండా ఉన్నది” అన్నాడు. వెళ్లి చూశాను. తుంగ మొదట్లో, గడ్డి పరకలు పరచిన చిన్న గుంటలో, పావురం కంటె చిన్నదైన బూడిద గోధుమ వన్నె పక్షి. కొన కొద్దిగా వంగిన పొడవైన ముక్కు. కంటి చుట్టూ లేత పసుపు వలయం. విప్పిన రెక్కల నిండా బంగారు చుక్కలు. క్రింద నాలుగు గుడ్లు.

ఆ సాయంకాలం పుస్తకం తిరగవేసిన తరువాత తెలిసినదేమనగా, అది తల్లి కాదు, తండ్రి.

దీనిని ఆంగ్లంలో పెయింటెడ్ స్నైప్ అంటారు. స్నైప్ పక్షులను మనవారు ఉల్లంకి పిట్టలంటారు గాని, ఇది నిజమైన ఉల్లంకి కాదు. ఆ ఉల్లంకులు శీతాకాలంలో ఉత్తర దేశాల నుండి వచ్చిపోయేవి. ఇది మన దేశంలోనే ఉండి పిల్లలను పెంచుకొనేది. తామరాకుల మీద నడిచే జకానాలు దీనికి దగ్గర చుట్టాలని డి.ఎన్.ఎ. పరిశోధనలు తేల్చాయి. 1758లో లినేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు మరొక పొరపాటు జరిగింది. ఆయన దీనిని రెల్లు పొదలలో తిరిగే రెయిల్ పక్షుల జాబితాలో చేర్చాడు. ఆ జాబితా నుండి తొలగించినా, ‘బెంగాలు దేశపు’ అన్న అర్థంలో ఆయన ఇచ్చిన ‘బెంఘాలెన్సిస్’ మాత్రం నేటికీ నిలిచి ఉన్నది.

పక్షులలో సాధారణంగా మగదానికి అలంకారాలు ఎక్కువ. నెమలిని చూస్తే చాలును. ఇక్కడ క్రమం తలక్రిందులు. ఆడపక్షి పరిమాణంలో పెద్దది. తల, మెడ, రొమ్ము పండిన చింతగింజ రంగు. కంటి చుట్టూ సున్నం పూసినట్లు తెల్లని పట్టీ. సాయంసంధ్యలో కూత పెట్టి తోడును పిలిచేదీ అదే. గుడ్లు పెట్టడం పూర్తి కాగానే గూడు విడిచి మరొక మగపక్షిని వెదకుకొంటూ పోతుంది. ఒకే ఋతువులో ఇద్దరు ముగ్గురితో కాపురం చేయవచ్చును. 15 మొదలు 21 రోజుల వరకు పొదగడం, పిల్లలను వెంటబెట్టుకొని తిప్పడం, అంతా తండ్రి బాధ్యతయే. అందుకు మాసిన బట్టల వంటి ఆ బూడిద వన్నెయే అతనికి రక్ష. భుజాల మీదుగా పోయే లేత రంగు చారలు ఎండు గడ్డి పరకలలో కలిసిపోయి, ఆకారపు అంచు కంటికి దొరకదు. ఈ సంగతి చదివి వినిపించగా మా ఇంట్లో నవ్వు ఆపుకోలేకపోయారు. కారణం ఇక్కడ వ్రాయను.

ఈ తలక్రిందుల వ్యవహారం 1871లోనే డార్విన్ దృష్టికి వచ్చింది. మానవావిర్భావంపై వ్రాసిన తన గ్రంథంలో ఆయన ఈ పక్షుల శ్వాసనాళాన్ని ప్రస్తావించాడు. ఆస్ట్రేలియా జాతిలో మగదాని నాళం తిన్నగా ఉండగా, ఆడదాని నాళం ఊపిరితిత్తులను చేరేలోగా నాలుగు మెలికలు తిరుగుతుందట. గొట్టం పొడవు పెరిగిన కొద్దీ స్వరం మంద్రమగునని పైపులతో పని చేసిన మనబోటి వారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే అప్పట్లో కలకత్తా మ్యూజియంలో పని చేసిన బ్లైత్ మన దేశపు పక్షులను అనేకం పరీక్షించి, వీటిలో ఏ ఒక్కదానికీ ఆ మెలికలు లేవని తేల్చినట్లు కూడా డార్విన్ వ్రాశాడు. చూపులకు ఇంచుమించు ఒకటే అయిన రెండు జాతులు, లోపలి గొట్టం మాత్రం వేరు! ఆ ఆస్ట్రేలియా జాతి నేడు అంతరించే ప్రమాదంలో ఉన్నది.

మన జాతికి అటువంటి ప్రమాదం లేదు. ఆఫ్రికా మొదలు జపాను వరకు విస్తరించి ఉన్నది. అయినా చూచినవారు తక్కువ. పగలంతా పొదలో కదలక ఉండి, మునిమాపున బురదలోకి వచ్చి పురుగులు, నత్తలు, వానపాములు, గింజలు ఏరుకొంటుంది. మనిషి అడుగు పడితే ఎగరదు, అలాగే బిగుసుకుపోతుంది. మీద పడబోతే కాళ్లు వ్రేలాడవేసుకొని నాలుగు గజాలు ఎగిరి మళ్లీ పొదలో దూరుతుంది. కొల్లేరు వంటి సరస్సే కావాలని దీనికి లేదు. వరి మడి గట్టు, మురుగు కాలువ అంచు, అర ఎకరం బురద చాలును. సరిగ్గా అటువంటి నేలలకే మనం ‘వృథా’ అని పేరు పెడతాము.

ఆ ఆగస్టులో పని నిలిపివేయించాను. వారం తిరగకముందే దోమలని క్వార్టర్ల నుండి ఫిర్యాదు వచ్చింది. అది అన్యాయమైన ఫిర్యాదు కాదు; పసిపిల్లలున్న ఇళ్లవి. మా డాక్టరుగారు వచ్చి చూచి, డెంగ్యూ దోమ ఎక్కువగా పెరిగేది కూలర్లలో, పూలకుండీల పళ్లేలలో, పాత టైర్లలో నిలిచిన నీటిలోనని చెప్పి ముందు ఇళ్లను తనిఖీ చేయించారు. మామూలు దోమకు మురుగునీరే చాలును గనుక క్వార్టర్ల వైపు సగం కాలువను శుభ్రం చేయించి, అవతలి సగం వదిలాను. పదహారవ రోజున వెళ్లేసరికి గూటిలో గుడ్డు పెంకులే మిగిలాయి. ముంగిస పని అనుకొని తిరిగి వచ్చాను. రెండు రోజుల తరువాత దీపాలు పెట్టే వేళ, కాలువ అంచున తండ్రి వెనుక చారల పిల్లలు నడవడం మా ఇంటావిడ చూచింది. మూడు. నాలుగవది ఏమైనదో తెలియదు.

అంతకు ముందు పది పన్నెండు సంవత్సరాలు ప్రతి ఆగస్టులోనూ ఆ తుంగ నా సంతకంతోనే కోయబడింది. అప్పుడు ఎవరూ ఏ పిట్టను గురించీ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ నేలను మట్టితో పూడ్చి వాహనాల షెడ్డు కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. అంచనా తయారు చేయవలసినవాడను నేనే. షెడ్డు అవసరమే, పాత స్టోర్ యార్డులో కట్టినచో ఖర్చు ఎంతో కూడా లెక్క వేసి జత చేశాను. “అక్కడ పక్షి ఉన్నదనుటకు ఆధారమేమి?” అని కమిటీలో అడుగుతారు. ఒక్క గూడు, ఒక ఇల్లాలి మాట చాలవు.

అందుచేత పాఠకులకు ఒక విన్నపం. వాన వెలిసిన సాయంకాలాలలో, చీకటి పడే వేళ, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్లు ‘కూక్... కూక్...’ అని మెల్లగా, ఎడతెగకుండా వినిపిస్తే అది ఆడపక్షి పిలుపు. తేదీ, సమయం, ఏ వీధి నుండి విన్నారో ఒక చీటీపై వ్రాసి సివిల్ విభాగం గుమాస్తాగారికి అందజేయగలరు. పిల్లలు వ్రాసినా సరే. కమిటీ సమావేశం వచ్చే నెల మొదటి వారంలో జరుగుతుంది.