ఏఐ ఫ్రీగ వచ్చింది సరే, మన మిషన్ల మనం నడుపుకునుడు ఎప్పుడు?

2016 సెప్టెంబర్ల జియో వచ్చినప్పుడు సిమ్ముల కోసం లైన్లు కట్టింది యాదికున్నదా? డాటా ఫ్రీ, కాల్స్ ఫ్రీ. మెల్లగ అలవాటైంది. 2024 జులైల పెద్ద కంపెనీలు మూడూ ఒక్కపారే రేట్లు పెంచినయి. అప్పటికే ఫోన్ల డాటా లేకుంటే పూట గడవని కాలమొచ్చింది. గులిగినం, కట్టినం.

ఇప్పుడు గదే బాటల ఏఐ వస్తున్నది. 2025ల ఎయిర్‌టెల్ వాళ్లకు పర్‌ప్లెక్సిటీ ఏడాది ఫ్రీ అన్నరు. జియో వాళ్లకు జెమినై ఏడాదిన్నర ఫ్రీ అన్నరు. చాట్‌జీపీటీ గో కూడ ఏడాది ఫ్రీ అన్నరు. ఇయ్యన్ని ధర్మానికి ఇస్తున్నరనుకుంటే మనంత అమాయకులు ఉండరు.

వాడొద్దని నేను అంటలేను. నేను సుత వాడుత. తెలుగుల మాట్లాడుడుల ఆ పెద్ద మోడళ్లే ఇంకా ముందున్నయి, అది ఒప్పుకోవాలె. కానీ మన పంటకు ఏం రోగమొచ్చింది, ఎంత అప్పున్నది, అమ్మకు ఏం జబ్బు అనేదంత ఎక్కడో ఉన్న సర్వర్‌కు పోతున్నది. ఫ్రీ గడువు అయిపోయినంక రేటు వాళ్లు చెప్పిందే. సిగ్నల్ లేని కాడ అసలే పనిచెయ్యది. గందుకే ఇంకో తొవ్వ గురించి ఆర్మూర్, బాల్కొండ దిక్కు తమ్ముళ్లకు, చెల్లెండ్లకు చెప్పాలనుకుంటున్న. అదేందంటే, మన మిషన్ల మనమే ఏఐ నడుపుకునుడు.

2023 మార్చిల బల్గేరియా దేశపోడు గెర్గానోవ్ అనే ప్రోగ్రామర్ లామా సీపీపీ అనే సాఫ్ట్‌వేర్ రాసి అందరికీ ఇచ్చిండు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేకుంట, మామూలు కంప్యూటర్ల ఏఐ మోడల్ నడువొచ్చని అది చూపించింది. ఎంఐటీ లైసెన్సు, అంటే ఎవరన్న వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైస కట్టే పనిలేదు. దునియ మొత్తం మీదికెల్లి మంది దానికి చేతులేసి రోజురోజుకు బాగుచేస్తున్నరు.

అంత పెద్ద మోడల్ చిన్న మిషన్ల ఎట్ల పడుతది? మన పసుపు పనే చూడుర్రి. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, పాలిష్ పడితే దగ్గరదగ్గర ఒక క్వింటాలు చేతికొస్తది. బరువు పోతది, గుణం ఉంటది. మోడల్ కూడ గంతే. 700 కోట్ల అంకెలున్న మోడల్‌కు అంకెకు రెండు బైట్ల లెక్కన 14 జీబీ కావాలె. అదే అంకెలను నాలుగు బిట్లకు కుదిస్తే 4 జీబీ చుట్టుముట్టు వస్తది. దీన్ని క్వాంటైజేషన్ అంటరు. ఉడుకు ఎక్కువైతే పసుపు రంగు చెడినట్టు, రెండు బిట్ల దాక కుదిస్తే జవాబులు కరాబైతయి. నాలుగు బిట్ల కాడ ఆగుడు మంచిది.

ఇగ బిల్డ్ సంగతి. సోర్సు కోడ్ తెచ్చుకొని మన మిషన్‌కు సరిపోయేటట్టు తయారుచేసుకునుడే బిల్డ్. ఇది ఇంజినీర్ల పని అని భయపడకుర్రి. నేను పదో తరగతి కాడ చదువు ఆగినోన్ని. వీడియోలు చూసి, ఉన్న రాతలు ఒక్కో మాట పట్టుకొని చదివి నేర్సుకున్న. మునుపు దీన్ని మేక్‌తోని కట్టేది, ఇప్పుడు సీమేక్‌కు మారింది. రెండు కమాండ్ల పని. ఆండ్రాయిడ్ ఫోన్ల అయితే టెర్మక్స్ అనే యాప్ ఏసుకొని అండ్లనే కట్టొచ్చు. రెడీమేడ్ ఫైళ్లు కూడ దొరుకుతయి. మరి మనం కట్టుకునుడెందుకు? ప్రతి ప్రాసెసర్‌కు లెక్కలు జల్ది చేసే సొంత కిటుకులు కొన్ని ఉంటయి. అన్ని మిషన్లకూ సరిపోవాలని కట్టిన పాత తీరు ఫైల్ ఆ కిటుకులను వదిలేస్తది. మన మిషన్ మీద కడితే వాటిని వాడుకుంటది. ర్యామ్ తక్కువున్నోళ్లు ఒక్కపారే ఎక్కువ ఫైళ్లు కట్టమని చెప్పొద్దు, నడిమిట్ల ఆగిపోతది. ఒకటి రెండుతోని నిదానంగ కట్టుర్రి. సీక్యాష్ పెట్టుకుంటే రెండోపారి కట్టేటప్పుడు మారిన ముక్క మాత్రమే కడుతది.

స్పీడ్ గురించి చాలామందికి ఎరుక లేని ముచ్చట ఒకటున్నది. ఏఐ ఒక్కో ముక్క రాసేటందుకు మోడల్ మొత్తాన్ని ర్యామ్‌ల నుంచి ఒకపారి చదవాలె. అంటే ప్రాసెసర్ ఎంత కొత్తదన్న దానికంటె ర్యామ్ ఎంత జల్ది అందిస్తదన్నదే ఎక్కువ లెక్క. పాత డీడీఆర్4 ల్యాప్‌టాప్‌ల ఒక్కటే ర్యామ్ ముక్కుంటే సెకనుకు సుమారు 20 జీబీ అందిస్తది. 4 జీబీ మోడల్ పెడితే సెకనుకు ఎక్కువల ఎక్కువ ఐదు ముక్కలు. జోడుగ ఇంకో ర్యామ్ ముక్క పెడితే డబుల్ దాక పోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్ అవసరం లేదు. ఫోన్ల ఎనిమిది కోర్లున్నయి కదా అని ఎనిమిదింటినీ పెట్టకుర్రి. అండ్ల చిన్న కోర్ల కోసం పెద్దయి ఆగవలసి వస్తది. పెద్ద కోర్లు ఎన్నున్నయో అన్నే పెట్టి చూడుర్రి.

అసలు అన్యాయం తెలుగుకు జరిగేది ఈడనే. ఏఐ అక్షరాలు చదవది, ముక్కలు చదువుతది. ఇంగ్లీషు మాట ఒకటి రెండు ముక్కలల్ల అయిపోతది. తెలుగు గుర్తు ఒక్కోదానికి కంప్యూటర్ల మూడు బైట్లు పడుతయి. "పసుపు" అనే మాట ఐదు గుర్తులు, 15 బైట్లు. మన అక్షరాలు లేని మోడల్‌కు ఆ ఒక్క మాట 15 ముక్కలైతది. సెకనుకు ఐదు ముక్కల మిషన్ల "పసుపు" రాసేటందుకే మూడు సెకన్లు. పైసలు కట్టి వాడే కాడ కూడ ముక్కలను బట్టే బిల్లు, అంటే మన భాషల మాట్లాడినందుకు జుర్మానా. లామా 2కు 32 వేల ముక్కల సంచే ఉండె, అండ్ల మనకు జాగ తక్కువ. గూగుల్ జెమ్మాకు 2 లక్షల 56 వేలు, మన భాషలకు జర నయం. గందుకే మోడల్ ఎంచుకునేటప్పుడు సైజు ఒక్కటే చూడకుర్రి, తెలుగును ఎన్ని ముక్కలు చేస్తున్నదో చూడుర్రి.

మన దిక్కు పని జరుగుతలేదని కాదు. హైదరాబాద్‌ల స్వేచ్ఛ సంస్థ, ట్రిపుల్ ఐటీ, ఓజోన్‌టెల్ కలిసి 2024ల చందమామ కథల పేరుతోని చిన్న తెలుగు మోడల్ తెచ్చిర్రు. వేలమంది ఇంజినీరింగ్ పిల్లలు పాత కథల పుస్తకాలను టైపు చేసి, తప్పులు దిద్దితే అయిన పని అది. ఐఐటీ మద్రాసుల ఏఐ4భారత్ వాళ్లు అనువాద మోడళ్లను అందరికీ ఇచ్చిర్రు. కానీ పుస్తకాల తెలుగు ఒకటి, ఆర్మూర్ అంగట్ల తెలుగు ఒకటి. "కైకిలోళ్లు దొరుకుతలేరు, పసుపు తవ్వుడు ఎట్ల?" అంటే అర్థం చేసుకునే మోడల్ కావాలె. ఆ మాటలు మనం ఇయ్యకుంటే ఎవలిస్తరు?

అయితే ఒక్కటి పక్కా. చిన్న మోడళ్లు ధైర్యంగ అబద్ధం చెప్తయి. దుంపకుళ్లుకు ఏ మందు ఎంత అని ఉత్త మోడల్‌ను అడిగి పొలంల కొడితే పంట పోవచ్చు. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం చెప్పిన సూచనలను ముందల పెట్టి, అండ్లకెల్లే జవాబు తీసి, ఏ పేజీల ఉన్నదో చూపించేటట్టు కట్టాలె. పేజీ చూపకపోతే ఆ జవాబును నమ్మొద్దు.

గందుకే సర్కారును అడగవలసినయి ఉన్నయి. రాష్ట్రంల 2,601 రైతువేదికలున్నయి. ఒక్కోదాంట్ల ఒక మామూలు కంప్యూటర్ పెట్టి, నెట్ లేకున్న నడిచే తెలుగు ఏఐ పెట్టాలె. పరిశోధన కేంద్రాల సూచనలు స్కాన్ బొమ్మల తీరు కాకుండ కంప్యూటర్ చదివే తెలుగు అక్షరాలల్ల ఇయ్యాలె. నిజామాబాద్‌ల 2025 జనవరి 14 నాడు మొదలైన పసుపు బోర్డు రైతు ప్రశ్నలను, జవాబులను మన యాసల కూడబెట్టి అందరికీ ఇయ్యాలె.

ఇస్తరా అంటరేమో. బోర్డు ఊకెనే రాలె. 2019 పార్లమెంటు ఎలక్షన్ల నిజామాబాద్ నుంచి 185 మంది నిలబడితే అండ్ల 170 మందికి పైగ రైతులే. పసుపు, ఎర్రజొన్న రైతుల గోస దేశం మొత్తానికి వినబడింది గప్పుడే. అడిగితేనే వస్తది, అదీ ఆలస్యంగనే వస్తది. ఏఐ సంగతి ఇప్పుడే అడగాలె.

సర్కారు కదిలేదాక మనం ఉత్తగ కూసునే పని లేదు. ఊరికి ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పాత ల్యాప్‌టాప్ మీద బిల్డ్ చేయుర్రి. ఎంత స్పీడ్ వచ్చింది, తెలుగు ఏడ తప్పు చెప్పింది రాసి పెట్టుర్రి. మీ నాయిన, మీ అమ్మ పంట గురించి మాట్లాడే మాటలను వాళ్లను అడిగి రాసుకోర్రి. ఫ్రీ గడువు అయిపోయే నాటికి మన చేతుల మనదంటూ ఒకటి ఉండాలె.